పాత కన్నాల్లోంచే దారం

మా పెద్దాడు పోయి నలభై రోజులైంది. తణుకులో చక్కెర ఫ్యాక్టరీలో ఫిట్టరు. డ్యూటీ దిగి బస్సు కోసం నిలబడ్డవాడు నిలబడ్డట్టే కూలిపోయాడు. గుండె అన్నారు. ఫోను తీసింది నేనే. నేను ఐదో తరగతి వరకే చదివాను, తప్పులుంటే మన్నించండి. చర్చిలో అందరూ వాడు మంచివాడన్నారు. వాడు ఇష్టంగా చేసిన పనేంటో మాత్రం ఎవరూ చెప్పలేదు. అది నేను చెప్పాలి.

మూతిలోంచి మందు కూరి పేల్చే పాతకాలం తుపాకులు ఉంటాయి కదండీ, వాటి సామాను బాగుచేసేవాడు. తుపాకి మందు పోసుకునే ఇత్తడి బుర్రలు, సీసపు గుళ్లు వేసుకునే తోలు సంచులు. పెద్దపెద్ద ఇళ్ల అటకల మీద నుంచి వచ్చేవి. బుర్ర మూతి దగ్గర చిన్న మీట ఉంటుంది. నొక్కితే ఒక్క దెబ్బకి సరిపడా మందే దిగాలి. ఇంట్లోకి మాత్రం మందు రానిచ్చేవాడు కాదు. సరిచూసుకోవడానికి మందు బదులు గింజల కోసం నా వంటింటి మీద పడేవాడు.

"నా గసగసాలు ఏవిరా?"

"బుర్రలో ఉన్నాయమ్మా. పది నొక్కులు చూసుకుని ఇచ్చేస్తాను."

"కూరంతా ఇనుం కంపు కొడతాది!"

"ఇనుం కాదమ్మా, ఇత్తడి."

ఒకసారి వాడు ఇష్టపడి కొనుక్కున్న బుర్ర నల్లగా ఉందని, సాయం చేద్దామని చింతపండు పెట్టి తోమేశాను. బంగారంలా మెరిసింది. వాడు వచ్చి చూసి, బుర్రని చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పాడు. తర్వాత నా పక్కన కూర్చుని, "మురికి కాదమ్మా అది. దాన్ని పట్టుకున్న చేతులన్నీ అందులో ఉన్నాయి" అన్నాడు. కేకలేసినా బాగుండేది. ఆ రోజు నుంచి రోజూ కాసేపు ఆ బుర్రని చేతిలో పట్టుకుని కూర్చునేవాడు. "మళ్లీ నలుపెక్కుద్దిలే" అనేవాడు.

తోలు పని వాళ్ల నాన్న దగ్గర నేర్చుకున్నాడు. మా ఆయన చెప్పులు కుట్టేవారు. దారానికి మైనం పట్టించడం నా పని. ఆయన పోయాక, తోలుకి కన్నాలు పొడిచే ఆయన ఆరె వీడు తీసుకున్నాడు. కుట్టేటప్పుడు ఒకే మాట అనేవాడు: "పాత కన్నాల్లోంచే దారం పోవాలి. కొత్త కన్నం పొడిస్తే అది మన సంచి అయిపోద్ది, వాళ్లది కాదు."

వాడు పోయే నాటికి బల్ల మీద ఒక గుళ్ల సంచి సగం కుట్టి ఉంది. పట్టిసీమ వైపు ఒక పెద్దాయనది. వాళ్ల ఊరి తీర్థంలో అమ్మవారు ఊరేగింపుకి బయల్దేరే ముందు లైసెన్సు ఉన్న వాళ్ల తాతగారి తుపాకి ఉత్త మందుతో ఒక్కసారి పేలుస్తారు. పేల్చే మనిషి బుర్ర, సంచి రెండూ భుజాన వేసుకోవాలి, అది వాళ్ల ఆనవాయితీ. పలకరించడానికి వచ్చి ఆయన మెల్లగా అన్నారు, "సంచి అలాగే ఇచ్చెయ్యండమ్మా. రాజమండ్రిలో ఎవరిచేతైనా మిషను మీద కుట్టించుకుంటాను."

"మిషను కొత్త కన్నాలు పొడుస్తాదండి" అన్నాను. "తీర్థం ఎప్పుడు?"

"వచ్చే ఆదివారం అండి. కానీ ఈ పరిస్థితిలో మీరు..."

"శనివారం రండి బాబుగారూ. మా ఇంట్లోనే పూర్తవుతాది."

నా కళ్లకి శుక్లాలు. కోడలు, వాడి భార్య, సూదుల్లో దారం ఎక్కించి ఇచ్చేది, నేను వేలితో తడిమి కన్నం వెతుక్కునేదాన్ని. మొదటి రోజు నాలుగు కుట్లు. అందులో ఒకటి పక్కకి పోయింది, విప్పేశాను. "మావయ్యగారి ఆరె బరువు కదా, నేను పట్టనా అత్తయ్యా?" అంది కోడలు. వద్దన్నాను. ఏడుపు వస్తే సంచి పక్కన పెట్టి, తోలు తడవకుండా ఏడ్చి, మళ్లీ ఒళ్లోకి తీసుకునేదాన్ని.

శుక్రవారం సాయంత్రం ఆఖరి ముడి వేశాను. వాడు ఎలా చూసేవాడో అలాగే చూశాను. గుప్పెడు మినుములు పోసి, మూతి బిగించి, తలకిందులుగా పట్టి దులిపాను. ఒక్క గింజ రాలలేదు.

పెద్దాయన వచ్చి కళ్లజోడు సవరించుకుని చూశారు. "బాబు ఎక్కడ ఆపాడో, మీరు ఎక్కడ మొదలెట్టారో తెలియట్లేదమ్మా" అన్నారు.

నాకు తెలుసు.

ఆ చింతపండు బుర్ర ఇప్పుడు నా దగ్గరుంది. ఒళ్లంతా ఇంకా పచ్చగానే మెరుస్తోంది. మీట దగ్గర మాత్రం, వాడి బొటనవేలు ఆనే చోట, గింజంత మేర నలుపెక్కింది. రోజూ పొద్దున్నే బుర్రని చేతిలోకి తీసుకుంటాను. అక్కడ మాత్రం నా వేలు పెట్టను.