ఎండాకాలం మూసిన తూము

మా ఆవిడ పోయిన పదో నెలలో మా అమ్మాయి విశాఖపట్నం నుంచి ఫోన్ చేసింది.

"నాన్నా, అమ్మ గేమ్స్ సబ్‌స్క్రిప్షన్ నెలాఖరుకి అయిపోతోంది. ఉంచమంటావా, తీసేయమంటావా?"

"తీసేస్తే ఏమవుతుంది?"

"కొన్నాళ్ళకి అమ్మ పొలం కూడా పోతుంది. అది మన ఇంట్లో ఉండేది కాదు కదా. వాళ్ళ కంప్యూటర్లలో ఉంటుంది."

ఇంట్లో ఉన్న నాలుగు పరికరాల్లోనూ వారం రోజులు చూసి చెప్తానన్నాను. ఏదైనా చూడకుండా చెప్పడం నాకు అలవాటు లేదు. ధవళేశ్వరం బ్యారేజీ హెడ్‌వర్క్స్‌లో నీటిమట్టం రాసే పనితో ఉద్యోగంలో చేరి, అక్కడే రిటైరయ్యాను. రోజూ పొద్దున్న ఆరింటికి స్కేలు చూడటం, చూసింది చూసినట్టు రిజిస్టరులో రాయడం. ఇంటికొచ్చాక సొంత డైరీ. పెళ్ళికి ముందు నుంచీ ఒక్క రోజు తప్పలేదు.

ఆ పొలం సంగతి చెప్పాలి. మా ఆవిడకి కీమో మొదలైనప్పుడు, ఆసుపత్రిలో గంటలు గంటలు కూర్చోవాలి కదా అని మా అమ్మాయి ఈ సబ్‌స్క్రిప్షన్ తీసిచ్చింది. ఆట ఎక్కడో దూరాన పెద్ద కంప్యూటర్లో నడుస్తుంది. బొమ్మ మాత్రం మన చేతిలో ఏ తెర ఉంటే దాని మీదికి వస్తుంది. ఫోన్లో ఆపింది టీవీలో అక్కడి నుంచే మొదలవుతుంది. అందులో మా ఆవిడ పట్టుకున్నది వ్యవసాయం ఆట. కోరుకొండలో పొలం ఉన్న ఇంట్లో పుట్టి, నాతో పాటు క్వార్టర్స్‌లో కాపురం చేసిన మనిషి. సొంతంగా సెంటు భూమి ఎరగదు. ఆ ఆటలోనే మొదటిసారి తనకంటూ ఒక పొలం, ఒక కాలువ, దానికో తూము ఏర్పడ్డాయి. చివరి దాకా మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు వరకు ఫోను మొహానికి దగ్గరగా పెట్టుకుని, పక్కకి తిరిగి పడుకుని ఆడుకునేది. నేను వరండాలో పేపరు చదువుకునేవాణ్ణి. ఆ రోజుల్లో అన్నం కూడా నా చేత కలిపించుకునేది. "మీరు కలిపితే బాగుంటోందండీ" అనేది. నలభై ఏళ్ళు నా వంట మీద, నా చేతి మీద వంకలు పెట్టిన మనిషి అలా అంటే నాకు సంతోషంగా ఉండేది. ఆ మాట డైరీలో రాసుకున్నాను కూడా.

ఆ ఆటలో మనం ఆడితేనే పొద్దు గడుస్తుంది. ఆడకపోతే అక్కడ ఏమీ కదలదు. మన మనిషి వెళ్ళి మంచం మీద పడుకుంటే ఆ రోజు అయిపోయి, అంతవరకు చేసింది నమోదవుతుంది. కాబట్టి పది నెలలుగా ఆ పొలం మా ఆవిడ వదిలినప్పుడు ఎలా ఉందో అలాగే ఉండాలి. అలాగే ఉంచాలనుకున్నాను. చూడటం, రాసుకోవడం, ఏదీ ముట్టుకోకుండా బయటికి రావడం.

మొదటి రోజు నా ఫోన్లో తెరిచాను. వసంతకాలం ఆఖరి రోజు. పుచ్చపాదులు నాలుగు సాళ్ళు, చుట్టూ బంతి మొక్కలు, ఈశాన్యం మూల ఒక గొయ్యి ఖాళీగా. తూము తెరిచి ఉంది. జడ వేసుకున్న ఆడమనిషి బొమ్మ తూము పక్కన నిలబడి ఉంది. ఫోన్లో నా బొటనవేలు సగం పొలాన్ని కప్పేస్తోంది. నేనేమీ నొక్కకపోతే ఆ బొమ్మ కాసేపటికి తల తిప్పి అటూ ఇటూ చూస్తోంది. ఎవరైనా వస్తారేమో అన్నట్టు. రెండోసారి చూసినప్పుడు ఫోను బోర్లా పెట్టేశాను.

రెండో రోజు మా ఆవిడ ట్యాబ్‌లో చూశాను. బొమ్మ పెద్దదిగా ఉంది. నొక్కినదానికీ మనిషి కదలడానికీ మధ్య ఒక జాగు ఉంది. బ్యారేజీ దగ్గర షట్టరు ఎత్తితే చివరి భూములకి నీళ్ళు ఎప్పటికో చేరినట్టు. పొలం రీడింగు నిన్నటిదే.

మూడో రోజు మా అమ్మాయి వదిలేసిన పాత ల్యాప్‌టాప్. ఇక్కడే పొరపాటు జరిగింది. ఏ మీట దేనికో తెలియక నొక్కుతూ పోతే బొమ్మ ఇంట్లోకి నడిచి మంచం ఎక్కేసింది. తెర నల్లబడి మళ్ళీ తెల్లారింది. ఎండాకాలం మొదటి రోజు అని పడింది.

ఆమె ఆపిన రోజు అయిపోయింది. నేనే అవగొట్టాను.

ఆ కంగారులో బయటికి వచ్చేస్తే సరిపోయేది. కానీ బొమ్మ గుమ్మం దాటగానే ఎదురుగా కాలువ నిండా నీళ్ళు, తూము బార్లా తెరిచి ఉంది, కాలం చూస్తే ఎండాకాలం. మా దగ్గర రెండో పంట దాళ్వా కోతలు కాగానే కాలువలకి నీళ్ళు కట్టేస్తారు. పూడికలు తీయాలి, గట్లు బాగు చేయాలి, షట్టర్లకి గ్రీజు పెట్టాలి. ఉద్యోగం చేసినన్నాళ్ళూ ఎండాకాలం కాలువలో నీళ్ళు కనిపిస్తే నాకు అన్నం సహించేది కాదు. చెయ్యి దానంతటది వెళ్ళి తూము మూసేసింది. మూశాక హాయిగా అనిపించిన మాట నిజం. చేసిన పని నమోదు కాకుండా వదలడం కూడా చేతకాక, బొమ్మని మళ్ళీ మంచం ఎక్కించాను.

తెల్లారేసరికి పుచ్చపాదులు పసుపు రంగుకి తిరిగి నేలకి అంటుకుపోయాయి. బంతి మొక్కలు తలలు వాల్చేశాయి. ఆ ఆట తయారుచేసిన దేశంలో ఎండాకాలమే అసలు పంటకాలమట. అది నాకు తర్వాత తెలిసింది. ల్యాప్‌టాప్ మూసి దాని మీద తువ్వాలు కప్పాను. డైరీలో "తూము మూశాను. పంట పోయింది" అని రాశాను. రెండు రోజులు అది ఉన్న గదిలోకి వెళ్ళలేదు.

మూడోనాడు భోజనం చేశాక టీవీలో తెరిచాను. నాలుగు పరికరాల్లో చూస్తానన్నాను, మూడే అయ్యాయి. అమ్మాయికి మాట చెప్పాలి. రెండు చేతులతో పట్టుకునే రిమోటు లాంటిది ఒకటుంది, దానితో ఆడాలి. గోడంత తెర మీద పొలం పరుచుకుంది.

ఎండాకాలం తొమ్మిదో రోజు అని ఉంది.

తూము తెరిచి ఉంది. ఎండిన పాదులు లేవు. నాలుగు సాళ్ళు కొత్త మొలకలు. చుట్టూ బంతి. ఈశాన్యం మూల గొయ్యి ఖాళీగా. బొమ్మ తూము పక్కన, ఎప్పుడూ నిలబడే చోట నిలబడి, తల తిప్పి చూసింది.

ముందు నాకు నా మీదే అనుమానం వచ్చింది. ఆడి మరిచిపోయానా? డైరీ తీశాను. ఆ రెండు రోజులూ బ్యాంకుకి వెళ్ళింది ఉంది, కొబ్బరికాయలు దింపించింది ఉంది, మోకాలు నొప్పి ఉంది. ఆట లేదు. నేను రాయనిది నేను చేయను. ఆ నమ్మకం మీదే ఇన్నేళ్ళు బతికాను.

మర్నాడు మధ్యాహ్నం రెండింటికి ఫోను, ట్యాబు, ల్యాప్‌టాపు మూడూ స్విచ్ఛాఫ్ చేసి భోజనాల బల్ల మీద వరసగా పెట్టాను. కరెంటు ప్లగ్గులు కూడా పీకాను. అప్పుడు టీవీ పెట్టాను. పొలం రాలేదు. దాని బదులు నాలుగు మాటలు పడ్డాయి. ఈ ఖాతాతో వేరే పరికరంలో ఆట నడుస్తోంది, అక్కడ ఆపి ఇక్కడ కొనసాగించాలా అని. కింద అవును, కాదు.

మూడు పరికరాలూ నా ముందే నల్లగా పడి ఉన్నాయి. వాటిలో నా మొహం కనిపిస్తోంది. బయట ఎండ, వీధిలో కూరగాయల బండి అరుపు, పక్కింట్లో మిక్సీ. అంతా మామూలు మధ్యాహ్నమే. అవును అని నొక్కితే అక్కడున్నవాళ్ళు బయటికి పోతారు. ఆ మీట మీద వేలు పెట్టి, నొక్కలేకపోయాను.

"ఏంటే, నువ్వేనా?" అన్నాను.

ఆ మాట పైకి అన్నందుకు నాకే సిగ్గేసింది. కాదు అని నొక్కి టీవీ ఆపేసి కూర్చున్నాను. నాలుగింటికి మళ్ళీ తెరిస్తే పొలం వచ్చింది. పదకొండో రోజు. మొలకలు కాస్త ఎదిగాయి.

రెండు నుంచి నాలుగు. అప్పుడు తట్టింది. ఆ వేళకి రోజూ కోరుకొండ నుంచి ఫోన్ వచ్చేది. మా ఆవిడ చెల్లెలు. వియ్యాలవారి గొడవల దగ్గర్నుంచి ఉప్పు చేప దాకా, మా ఆవిడ ఆట ఆడుకుంటూనే, ఇద్దరూ మాట్లాడుకునేవారు. పదో రోజు కర్మ అయ్యాక మా మరదలితో నేను నాలుగు మాటలు కూడా మాట్లాడలేదు. గొంతు అచ్చం అక్కదే కావడంతో ఫోన్ చేయడానికి ధైర్యం చాలేది కాదు.

చేశాను.

"బావగారూ," అంది ఎత్తగానే. "మీరేనా ఇందాక తలుపు కొట్టింది?"

"తలుపేంటమ్మా?"

"ఎవరో లోపలికి రాబోతున్నారని నాకు పడిందండి. మీరు రాలేదు. అమ్మయ్య అనుకున్నాను."

"నువ్వెప్పట్నుంచి ఆడుతున్నావు?"

"అక్క పోయాక ముట్టుకోలేదండి. మొన్న నా ఫోన్‌కి మెసేజి వచ్చింది, ఎవరో కొత్త ల్యాప్‌టాప్‌లో తెరిచారని. అక్క పేరు మీద. నాకు చెమటలు పట్టేశాయి. ఓ పూటంతా ఊరుకుని, ఆగలేక తెరిచి చూస్తే పొలం అంతా చచ్చి ఉంది, తూము మూసి ఉంది. అప్పుడు భయం పోయిందండి."

"ఎందుకు?"

"ఎండాకాలం వచ్చిందని తూము మూసే మనిషి మా ఇంటా వంటా మీరొక్కరే కదండీ. మా అక్క ఏరి కోరి పెట్టుకున్న పుచ్చపాదులు. ఒక్క రోజులో తగలేశారు."

నేను నవ్వాను. చాలా రోజులకి. "నువ్వు వేసినవి అచ్చం తను వేసినట్టే ఉన్నాయి. ఆ మూల గొయ్యి కూడా."

"అవి కూడా నేను వేసినవే కదండీ."

"ఏవి?"

"ముందటివి. చివరి రెండు నెలలు అక్క ఎక్కడాడింది? మందులకి వేళ్ళు మొద్దుబారిపోయాయి కదా, ఏది ముట్టుకున్నా తెలిసేది కాదు. నేనిక్కడ ట్యాబ్‌లో ఆడుతూ వీడియో కాల్‌లో చూపించేదాన్ని. అది కాదే, బంతి ఇటు పెట్టు, ఆ గొయ్యి వదిలెయ్ అని తిడుతూ చూసేది. మీకు తెలీదా?"

తెలీదన్నాను.

"చెప్పొద్దందండి. నాకెందుకులే అనుకున్నాను."

"నాకెందుకు చెప్పొద్దంది?"

"మీరు రాసేస్తారంట. నా చేతులు పోయాయని ఆయన రాసేస్తే ఇంక అది ఖాయమైపోద్దే, రాయకుండా ఉన్నన్నాళ్ళు ఉండనీ అనేది. ఏమనుకోకండి బావగారూ."

ఏమీ అనుకోలేదని చెప్పి పెట్టేశాను.

నిరుటి డైరీ తీశాను. రెండు నెలల పేజీలు. "మ. 2 నుంచి 4 వరకు ఆట ఆడింది. చేతులు బాగానే ఉన్నాయి." ఒక రోజు కాదు, వరసగా. చేతులు బాగున్నాయని నేను చూసి రాయలేదు. ఆట ఆడుతోంది కాబట్టి బాగున్నాయని లెక్క కట్టి రాశాను. ఆఫీసులో కింద పనిచేసేవాళ్ళు స్కేలు చూడకుండా అంచనా మీద రీడింగు వేస్తే నేను మెమోలు ఇచ్చినవాణ్ణి.

రిజిస్టరులో తప్పు పడితే చెరపకూడదు. ఎర్ర సిరాతో ఒక్క గీత కొట్టి, పక్కన సరైనది రాసి, సంతకం పెట్టాలి. కింది అంకె కనబడుతూనే ఉండాలి. ఎర్ర పెన్ను తెచ్చి "ఆడింది" మీద గీత కొట్టి "చూసింది" అని రాశాను. అలా అయిదారు పేజీలు చేశాక ఒక చోట ఆగిపోయాను. "ఇవాళ కూడా అన్నం నా చేత కలిపించుకుంది. నేను కలిపితేనే రుచిగా ఉందట."

ఆ గరిటెడు పప్పు, ఆ నెయ్యి, కంచం నా వైపు జరిపిన తీరు కళ్ళ ముందుకొచ్చాయి. చెయ్యి కొంగు కింద ఉండేది. నేను ముద్దలు కలుపుతూ ఉప్పు సరిపోయిందా అని అడిగేవాణ్ణి.

ఆ వాక్యం మీద పెన్ను పెట్టలేదు. అది తప్పు రీడింగో కాదో ఇప్పుడు చెప్పగల మనిషి లేదు. పెన్నుకి మూత పెట్టేశాను.

సాయంత్రం మా అమ్మాయికి ఫోన్ చేసి సబ్‌స్క్రిప్షన్ ఉంచమన్నాను. "ఏ పరికరంలో బాగుంది నాన్నా?" అంది. టీవీలో అన్నాను.

ఇప్పుడు రోజూ రెండింటికి టీవీ పెడతాను. వేరే పరికరంలో ఆట నడుస్తోందని పడుతుంది. అవును నొక్కను. కాదూ నొక్కను. ఆ మాటలు అలా ఉండగా నాలుగింటి దాకా కుర్చీలో కూర్చుంటాను. తర్వాత పొలంలోకి వెళ్ళి చూసి, ఏదీ ముట్టుకోకుండా బయటికొచ్చి డైరీ రాస్తాను.

ఇవాళ్టిది: ఎండాకాలం ఇరవై ఆరో రోజు. పుచ్చలు కాపుకొచ్చాయి. తూము తెరిచే ఉంది. మనిషి తూము దగ్గర నిలబడి ఉంది. చేతులు ఎలా ఉన్నాయో కనబడలేదు.