ఓ ప్లస్ తీసేస్తే మిగిలినవాళ్లు

వసంతది చివ్వెంల. ఇంటి దగ్గర ఇప్పటికీ గొర్రెల మంద ఉంది. ఆమె మాత్రం ఇంటర్ కాగానే సూర్యాపేటలో ఒక రక్తదాతల సంఘం ఆఫీసులో కంప్యూటర్ ముందు కూర్చుంది. పని తనే నేర్చుకుంది. నెగెటివ్ అనేదాన్ని ఒక్కొక్కరు ఒక్కోలా రాసేవారు. కొందరు గీత గీస్తే, కొందరు నెగ్ అని ముగించేవారు. అందుకే ఆమె కావలసినవాళ్లను వెతికేది కాదు. O గ్రూపు జాబితాలో O+ ఉన్న లైన్లన్నీ తీసేసేది. మిగిలినవాళ్లే ఓ నెగెటివ్. పాత సాఫ్ట్‌వేర్ హెల్ప్ పేజీని ప్రింటు తీసి గోడకు అంటించుకుంది కూడా.

2010 ఎండాకాలంలో కొత్త కంప్యూటర్, కొత్త సాఫ్ట్‌వేర్ వచ్చాయి. తొమ్మిదో రోజు పొద్దున కోదాడ దవాఖాన నుంచి పవన్ అనే అతను ఫోన్ చేశాడు.

"మా ఆవిడ హిమజకి కాన్పయింది మేడమ్, రక్తం ఆగట్లేదు. ఓ నెగెటివ్ వాళ్లు ఎవరన్నా ఉన్నారాండీ?"

వసంత ఎప్పటిలాగే O+ లైన్లు తీసేసింది. తెర మీద ఒక్క పేరూ మిగలలేదు.

"ఎవ్వరు లేరన్నా."

"అయితే హైదరాబాదే తీసుకెళ్లాలి." పెట్టేశాడు.

అప్పుడు గుర్తొచ్చింది. మొన్న వానాకాలం రక్తమిచ్చిన, ఆటో నడిపే గేమ్యాది ఓ నెగెటివే. కార్డు నింపింది తనే. మరి గేమ్యా పేరేది? ఏళ్ల తర్వాత, ఇది రాస్తున్న నాకు ఆ సంగతి చెబుతున్నప్పుడు కూడా వసంత అరచేతులు చున్నీకి తుడుచుకుంది.

కొత్తదాని హెల్ప్ తెరిచింది. పాతదాంట్లో ప్లస్ అంటే ప్లస్సే. ఇందులో మాత్రం 'ముందున్న అక్షరం ఒకసారి గానీ, వరసగా ఎన్నిసార్లయినా గానీ' అని అర్థమట. అంటే O ఉన్న ప్రతి లైనూ పోయింది. మామూలు ప్లస్ కావాలంటే దాని ముందు \ పెట్టాలి. పెట్టింది. ఏడు పేర్లు మిగిలాయి.

"గేమ్యన్నా, యాడున్నవ్?"

"బస్టాండ్ కాడ. ఏందమ్మా, గొంతు గట్లున్నది?"

"జల్ది కోదాడ పోవాలె. ఓ బాలింత పానం మీదికొచ్చింది."

"నా ఆటోల పోతే పొద్దుగూకుతది. బస్సెక్కుత తీయ్."

పవన్ ఐదుసార్లు ఫోన్ ఎత్తలేదు. ఆరోసారి ఎత్తాడు.

"అంబులెన్స్ ఎక్కిస్తున్నామండీ."

"జర ఆగున్రి. లేరన్నది నా తప్పన్నా. మనిషి బయలెల్లిండు, గంటల వస్తడని డాక్టర్‌కు చెప్పు."

డాక్టర్ ఆగమన్నాడు. గేమ్యా రక్తంతో హిమజ గండం గడిచింది. కబురు విన్నాక వసంతకు ఇంకో సంగతి తట్టింది. ఈ తొమ్మిది రోజుల్లో ఇంకెవరికి లేరని చెప్పింది? రిజిస్టర్ తిప్పింది. సోమవారం, మిర్యాలగూడ, ఓ నెగెటివ్. పక్కన తన చేతిరాతే: లేరు.

"ఇడిసెయ్ బిడ్డా, ఎట్లనో సూసుకొనుంటరు," అన్నారు సంఘం నడిపే దామోదర్ సార్.

"ఎట్లనో అంటే ఎట్ల సార్?"

ఆ నంబర్‌కు ఫోన్ చేసింది. ఒక ముసలామె ఎత్తింది.

"పెద్దమ్మా, సోమవారం రక్తం అడిగిన్రు..."

"మా ఎంకటేశ్వర్లుకా? నల్లగొండల దొరికింది. ఇప్పుడే కన్నంటుకున్నది. లేపాల్నా?"

"వద్దు పెద్దమ్మా. పండుకోనియ్యి."