అరచేతిలో రాయని పేరు

దిల్‌సుఖ్‌నగర్‌లో బస్సెక్కి నా పక్కన కూర్చున్న పెద్దామె నా కెమెరా సంచి చూసి అడిగింది. "రేపు మా ఆయన జ్ఞాపకార్థ కూడిక సార్. మా అక్క యూట్యూబే చూస్తది, చెల్లె ఫేస్‌బుక్కే చూస్తది. రెండిట్ల ఒక్కసారే లైవ్ రావాలంటే ఏ యాప్ పెట్టుకోవాలె?"

రాసుకోవడానికి పెన్ను తీసి అరచెయ్యి చాచింది.

పెళ్ళిళ్ళు లైవ్ ఇచ్చేవాణ్ణి, ఊరుకుంటానా. ఒకటి ఉచితమే గానీ తెర మీద దాని లోగో ముద్ర పడుతుందన్నాను. ఇంకోదానికి కంప్యూటర్ కావాలన్నాను. ఏది మేలో తేల్చాకే పేరు చెబుదామనుకున్నాను. అంతలో ఆమె దిగాల్సిన ఎల్బీ నగర్ వచ్చింది.

"ఏదో ఒక పేరు చెప్తే అయిపోతుండె సార్," అని పెన్నుకు మూత పెట్టి దిగిపోయింది.

ఇప్పుడెవరడిగినా ముందు ఆ ఉచిత యాప్ పేరే చెబుతాను. తెర మీద ముద్ర పడిందని ఇంతవరకూ ఒక్కరూ అనలేదు.