విమానాశ్రయంలో కాగితం బాబాయి

దేవుడు అందరికీ ఇచ్చినట్టే బాబాయికీ రెండు కళ్ళిచ్చి ఊరుకుంటే, మూడోదాన్ని ఆయనే సంపాదించుకున్నాడు. దాని పేరు అనుమానం. ఎవరైనా "ఇలా చెయ్యండి" అని హుకుం జారీ చేస్తే చాలు, ఆ కన్ను తెరుచుకుంటుంది. ఆ వెంటనే నోరూ తెరుచుకుంటుంది. "ఎవరు చెప్పారు? కాగితం ఉందా?" పార్కులో గడ్డి మీద కూర్చోవద్దన్నా ఇదే ప్రశ్న, నీళ్ళ మీటరు చూడటానికి వచ్చినా ఇదే ప్రశ్న. అందుకే వీధి వీధంతా ఆయన్ని కాగితం బాబాయి అంటుంది. డాక్టరు నాలుక చూపించమంటే ఈయన ముందు డాక్టరు పట్టా చూపించమన్నాడని ఒకే ఇంట్లో ఉండే ఆయన వదినగారు చెబుతుంది. అది ఉత్త అతిశయోక్తి. ఆయన అడిగింది ఆసుపత్రి లైసెన్సు మాత్రమే.

ఈ జబ్బు వృత్తి నుంచి అంటుకుంది. ముప్ఫై ఎనిమిదేళ్ళు తాళాలు బాగుచేశాడు, తాళంచెవులు పోగొట్టుకున్నవాళ్ళ తలుపులు తెరిచాడు. ఆయన చెయ్యి పడితే లొంగని తాళం లేదు. ఆ సంగతి తనకీ తెలుసు కాబట్టే, ఇంటివాళ్ళు ఎదురుగా నిలబడి "ఇది నా ఇల్లే" అని సంతకం పెడితే తప్ప తాళాన్ని ముట్టుకునేవాడు కాదు. ఒకసారి నలుగురు అధికారులు జీపులో వచ్చి ఓ ఇంటి తాళం తీయమన్నారు.

"కాగితం ఉందా?"

"మేమే ప్రభుత్వం."

"అయితే మీకు కాగితాలకి కొదవేముంది? ఒకటి తెప్పించండి."

నలుగురూ మెట్ల మీద కూర్చుని మూడు గంటలు పళ్ళు నూరారు. చివరికి కాగితం వచ్చింది. చూస్తే అందులో ఉన్నది పక్కింటి నంబరు. ఆ రోజు నుంచి బాబాయి అనుమానానికి పట్టపగ్గాలు లేకుండా పోయాయి.

అలాంటి మనిషి అన్నకూతురికి ఏ ఉద్యోగం దొరకాలి? విమానాశ్రయంలో ప్రయాణికులను తనిఖీ చేసే ఉద్యోగమే దొరికింది. ఆర్నెల్లు చూసి, నచ్చితే పర్మనెంటు చేస్తారు, లేకపోతే ఇంటికి పంపిస్తారు. మూడేళ్ళు ఖాళీగా తిరిగి తిరిగి సంపాదించుకున్న ఉద్యోగం. మొదటిరోజు ఆ పిల్ల యూనిఫాంలో భోజనానికి కూర్చుంటే బాబాయి భుజం మీది బిళ్ళలు లెక్కపెట్టి మరీ చూశాడు.

"అయితే జనం చేత బూట్లు విప్పిస్తావన్నమాట."

"వాళ్ళ మంచికే కదా బాబాయ్."

"నీ మంచికే అన్నవాణ్ణి చూస్తేనే నాకు జేబు తడుముకోవాలనిపిస్తుంది."

"దాచుకోవడానికేం లేనివాళ్ళకి భయమెందుకు?"

"స్నానాల గదికి గడియెందుకు పెట్టుకుంటున్నావు? లోపల దొంగసొత్తు ఉందా?"

"మరి ఎవడో సంచీలో బాంబు పెట్టుకొస్తే? కాగితం ఉందా అని అడుగుతూ కూర్చుంటావా?"

బాబాయి చేతిలోని ముద్ద కంచంలో పెట్టేశాడు.

"వెతకండి. నేనేం వద్దనట్లేదు. కానీ ఎంతవరకు వెతకొచ్చో రాసిపెట్టుకుని వెతకండి. సర్కారు చెయ్యి పొడుగమ్మా. ఎక్కడ ఆగాలో రాసి లేకపోతే ఎక్కడా ఆగదు."

"తింటారా, ఇద్దరి కంచాలూ జప్తు చెయ్యనా?" అంది వదినగారు. ఆవిడ అధికారాన్ని మాత్రం బాబాయి ఏనాడూ ప్రశ్నించలేదు.

ఈ గొడవ రోజూ జరిగేది. విసిగిపోయి ఆ పిల్ల తన తనిఖీ నిబంధనల పుస్తకం తెచ్చి ఆయన ముందు పడేసింది, చదువుకుని నోరు మూసుకుంటాడని. కోతికి కొబ్బరికాయ దొరికినట్టయింది. నాలుగు రోజుల్లో నూట పన్నెండు నిబంధనలూ పెన్సిలుతో గీతలు గీసి మరీ కంఠతా పట్టాడు. ఆ పైన ఉదయం టిఫిను దగ్గర ఆ పిల్లకే పరీక్షలు పెట్టడం మొదలుపెట్టాడు.

ఆర్నెల్లు ఇంకో వారంలో నిండుతాయనగా పిడుగులాంటి వార్త. పాత స్నేహితుణ్ణి చూడటానికి బాబాయి విమానంలో వెళ్తున్నాడు. అదీ ఆమె డ్యూటీ వేళలోనే. ఆ పిల్లకి పై ప్రాణాలు పైనే పోయాయి.

"నీకు దణ్ణం పెడతాను బాబాయ్. నా వరసలోకి రావద్దు. నన్ను ఎరగనట్టుండు. నోరు విప్పకు."

"మొదటి రెండూ సరే," అన్నాడు బాబాయి.

ఆ రోజు సూపర్‌వైజరు కాగితాలు బిగించిన అట్ట పట్టుకుని ఆమె వెనకాలే నిలబడ్డాడు. వరస ఆగితే ఎన్ని నిమిషాలు ఆగిందో, ఎవరి వల్ల ఆగిందో అందులో రాస్తాడు. తనిఖీ చేసేవాళ్ళ వల్ల ఆగినట్టు ఒక్క గీత పడితే ఉద్యోగం గోవిందా. మూడు గంటలు అంతా సవ్యంగా నడిచింది. అప్పుడు తలకి గుడ్డ చుట్టుకున్న ఒకావిడ వచ్చింది. ఆ పిల్ల తన చేతిలోని యంత్రాన్ని ఆవిడ చెవి దగ్గరికి తీసుకెళ్ళగానే కుయ్యిమంది.

"గుడ్డకి పిన్నులు పెట్టానమ్మా," అందావిడ మెల్లగా. "మందులకి జుట్టంతా ఊడిపోయింది. ఇంతమందిలో తీయలేను."

వెనక నలభై మంది ఉన్నారు. అందరూ ఇటే చూస్తున్నారు. ఇలాంటివాళ్ళని పక్క గదిలోకి తీసుకెళ్ళి చూడాలని నిబంధన ఉంది. ఆ పిల్ల వెనక్కి తిరిగి సూపర్‌వైజరుని అడిగింది.

"నువ్వు గదిలోకి వెళ్తే వరస ఆగుతుంది," అన్నాడతను. "నీ పేరు మీదే రాస్తాను. ఇక్కడే తీయించు, క్షణంలో పని."

ఆ పిల్ల తల తిప్పితే, ఆ ఆడమనిషి వెనకాలే బాబాయి నిలబడి ఉన్నాడు. రానని మాటిచ్చి వచ్చాడు. తనని పరీక్షించడానికే వచ్చాడని, ఇప్పుడు ఇక్కడ ఉపన్యాసం ఇచ్చి తన కొంప ముంచుతాడని ఆమెకి ఒళ్ళు మండింది. బాబాయి మాత్రం ఆమెని ఎరగనట్టు పైకప్పు చూస్తున్నాడు.

"గదిలోకి రండమ్మా," అంది ఆ పిల్ల. ఉద్యోగం పోతే పోయిందనే అనుకుంది.

వాళ్ళు రెండడుగులు వేశారో లేదో, బాబాయి బెల్టూ తాళాల గుత్తీతో సహా ఇనుము పసిగట్టే ద్వారంలోంచి నడిచాడు. గంట మోగింది.

"బెల్టు తీయండి," అన్నాడు సూపర్‌వైజరు.

"ఎవరు చెప్పారు? కాగితం ఉందా?"

గది తెర వెనక ఆ పిల్ల పిన్నులు తీసి చూస్తుంటే బయట మాటలన్నీ వినిపిస్తూనే ఉన్నాయి. "బెల్టు తీస్తే ప్యాంటు జారుతుంది. జారితే బాధ్యత ఎవరిది, మీదా, ప్రభుత్వానిదా?" నలభై మందీ ఘొల్లుమన్నారు. "నిబంధన చదివి వినిపించండి. ఇంకోసారి. కాస్త నెమ్మదిగా, నాకు చెవుడు." ఆయనకి పక్కింట్లో గుసగుసలు కూడా వినిపిస్తాయి.

"ఎవరమ్మా ఆయన?" అడిగిందావిడ, నవ్వాపుకుంటూ.

"ఎవరో అండి," అంది ఆ పిల్ల.

"పాపం, ఎవరైతేనేం. ఇటు చూసేవాడు ఒక్కడూ లేడు."

ఆ మాటతో ఆ పిల్ల చేతులు ఆగిపోయాయి. సూపర్‌వైజరు బయట మూడోసారి చదువుతున్నది నలభై ఏడో నిబంధన. వారం క్రితం బాబాయి దాన్ని కళ్ళు మూసుకుని ఆమెకి అప్పజెప్పాడు.

గుడ్డ సర్దుకుని ఆవిడ బయటికి వచ్చేసరికి బాబాయి ఒక చేత్తో బెల్టు, ఇంకో చేత్తో ప్యాంటు పట్టుకుని ఉన్నాడు. ఆవిడ తన సంచీ తీసుకుని వెళ్ళిపోయేదాకా ఓరకంట చూశాడు. తర్వాత వాక్యం మధ్యలోనే ఆగిపోయాడు.

"ఆహా, ఇప్పుడు అర్థమైంది. ముందే ఇలా వివరంగా చెప్పి ఉంటే ఇంత గొడవ ఉండేది కాదు కదా," అని బెల్టూ తాళాలూ యంత్రంలో వేసి, ఈసారి గంట మోగకుండా ద్వారం దాటి, వాటిని తీసుకుని, ప్యాంటు పట్టుకుని విమానం వైపు పరుగెత్తాడు.

సూపర్‌వైజరు చెమట తుడుచుకుని అట్ట మీద రాశాడు. ఆలస్యం పదకొండు నిమిషాలు. కారణం, బెల్టు ముసలాయన. ఆ పిల్లకి ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి. డ్యూటీలో ఉంది కాబట్టి రెండూ మింగేసింది.

పది రోజుల తర్వాత పర్మనెంటు ఉత్తర్వు వచ్చింది. ఊరి నుంచి తిరిగొచ్చిన బాబాయికి దాన్ని చూపించింది.

"నువ్వు కావాలనే చేశావు కదా బాబాయ్?"

"రుజువుందా?" అని ఆయన ఉత్తర్వును దీపం ముందు పెట్టి అటూ ఇటూ తిప్పి చూశాడు. "సంతకం సరే. ముద్ర సరే. ఈ నాలుగో షరతేమిటి? అవసరమైతే ఎక్కడికైనా బదిలీ చేస్తారట. అవసరమని ఎవరు తేలుస్తారు? రేపే వచ్చి అడుగుతాను."

"నువ్వు రావద్దు. నీ గురించి మా గదిలో నోటీసు అంటించారు. ఈయన వస్తే విడిగా కూర్చోబెట్టి నిబంధనలన్నీ ముందే చదివి వినిపించాలట."

బాబాయి ముఖం వెలిగిపోయింది. "రాతపూర్వకంగానా?"

"సంతకం, ముద్రతో సహా."

"పర్వాలేదే, నేర్చుకుంటున్నారు," అన్నాడు బాబాయి.