పాత జిల్లా

మా పెదనాయన ఎవరేమడిగినా భుజం మీది కండువా సర్దుకున్నాకే జవాబు చెప్పేవాడు. కంభం నుంచి కూడా వచ్చి సంగతులు అడిగి పోయేవాళ్లు. భూములు పోయాక మా ఇంటికి మిగిలిన గౌరవం అదొక్కటే. టీవీ క్విజ్‌కు ఆయన పేరు పంపింది నేనే.

మా ఊరు మార్కాపురం ఏ జిల్లాలో ఉందన్నది మొదటి ప్రశ్న. ప్రేక్షకుల్లో కూర్చున్న నేను ఊపిరి పీల్చుకున్నాను. ఆయన కండువా సర్దుకుని "కర్నూలు" అన్నాడు. ఆయన బడికి పోయిన కాలంలో అది కర్నూలు జిల్లానే. మా దస్తావేజులన్నిటిలోనూ అదే ఉంది. యాంకర్ నవ్వి, కన్సొలేషన్ ప్రైజ్ అంటూ ఒక హాట్‌బాక్స్ చేతిలో పెట్టింది. మా ఇంటి మనిషి చేయి చాచి పుచ్చుకోవడం నేను చూసింది అప్పుడే.

"ఏంది మామా, కర్నూలు బస్సు ఎన్నింటికి?" అని దుకాణం దగ్గర ఆటపట్టించేవాళ్లు.

"తప్పు చెప్పలా నాయనా, పాతది చెప్పినా" అనేవాడు.

పెద్దమ్మ ఆ హాట్‌బాక్స్‌లో ఇడ్లీలు పెట్టబోతే, "దాన్ని అట్లనే ఉండనీ" అన్నాడు. క్రమంగా సంగతులు అడగడానికి వచ్చేవాళ్లు రావడం మానేశారు.

పోయిన ఏడాది ఆయన్ను గుంటూరు ఆస్పత్రిలో చేర్చాం. చీటీ రాసే అమ్మాయి "ఏ జిల్లా తాతా?" అంది. ఆయన చేయి భుజం మీదికి పోయింది. అక్కడ కండువా లేదు. నా వైపు చూశాడు.

"ప్రకాశం" అన్నాను.

ఆ మాట మొదటిసారి వింటున్నట్టు తల ఊపాడు.