కుడికాలి కింద చెప్పు

హైటెక్ సిటీ స్టేషన్‌లో లోకల్ రైలెక్కి కూర్చున్నానన్న మాటే గానీ, ఫోన్‌లో నా వీడియోనే పదేపదే చూస్తున్నాను. టేకాఫ్ కోసం పరుగెడుతున్న చిన్న శిక్షణ విమానం ఎడమకు లాగేసి, రన్‌వే దాటి గడ్డిలో ఆగింది. నడిపింది నేనే. ఇక శిక్షణ మానేద్దామనుకున్నాను.

పక్క సీటు పెద్దాయన తొంగిచూశారు. అలాంటి విమానాలకే మెకానిక్‌గా పనిచేశారట.

“కారు లెక్క చేతులతోని తిప్పినవా బిడ్డా?”

“అవునండి. కుడికి ఎంత తిప్పినా వినలేదు.”

“నేలమీద అది చేతుల మాట వినదు. కాళ్ల మాట వింటది.”

తన చెప్పులు విడిచి, విమానంలో కాళ్ల దగ్గరుండే పెడల్స్‌లా నా పాదాల ముందుకు జరిపారు. పెద్దాయన చెప్పులు తొక్కడానికి జంకాను.

“ఫికర్ చెయ్యకు, తొక్కు. ఇంజిన్ జోరందుకుంటే ముక్కు ఎడమకు పోతది. అది పోకముందే నీ కుడికాలు పడాలె.”

అంతలో రైలు కదిలి వేగమందుకుంది. “ఇగో, ఇప్పుడు!” అన్నారు. కుడి చెప్పు తొక్కాను. హఫీజ్‌పేట్‌లో ఆయన చెప్పులు వేసుకుని దిగిపోయారు.

ఆ ఆదివారం విమానం రన్‌వే నడిమి గీత మీదే పరుగెత్తి గాల్లోకి లేచింది. ఇప్పుడు నాకు లైసెన్సుంది. అయినా ఇంజిన్ జోరు పెంచిన ప్రతిసారీ నా కుడిపాదానికి తగిలేది పెడల్ కాదు, అరిగిన తోలు చెప్పు.