కెప్టెనమ్మ నేర్పిన తెలుగు

లండన్ ఇల్ఫర్డ్‌లో పాత సామాన్లమ్మే ఏ చారిటీ షాపు తలుపు తీసినా, పాత డీవీడీ డబ్బాల ప్లాస్టిక్ వాసన తగిలితే నాకిప్పటికీ ఒళ్ళు మండుతుంది. పదేళ్ళ పిల్ల చేతిలోంచి ఒక సినిమాని లాగేసుకున్న పెద్దవాళ్ళని నేనింకా క్షమించలేదు.

అది పాతకాలపు ఇంగ్లిష్ సినిమా. 2009లో నాన్న తెనాలి వెళ్ళి వస్తూ దాని తెలుగు డబ్బింగ్ డిస్కు తెచ్చారు. చంద్రుడి మీద గనిలో ఇనుప యంత్రాలు తిరగబడతాయి, అందరూ పారిపోతారు, ఒక పొట్టి కెప్టెనమ్మ మాత్రం పెద్ద స్పానరు పట్టుకుని అడ్డంగా నిలబడుతుంది. గది వెచ్చబెట్టే రేడియేటరు మీద స్కూలు సాక్సులు ఆరుతుంటే, కిటికీలకి ఆవిరి పట్టిన శనివారాల్లో, అమ్మ ముసలివాళ్ళ కేర్ హోం డ్యూటీ నుంచి వచ్చేలోపు, కారప్పూస నములుతూ నేనూ నాన్నా ఎన్నిసార్లు చూశామో. స్కూల్లో పిల్లలకి ఆ సినిమాలో పేలుళ్ళు ఇష్టం. నాకు ఆవిడ ఎవర్నీ బతిమాలకపోవడం ఇష్టం, పైగా "ఓరీ లోహపు నీచుడా, నీ అంతం సమీపించింది" అని మా ఇంటి భాషలో గర్జించడం.

అప్పటిదాకా తెలుగు అర్థమయ్యేది గానీ నోరు తిరిగేది కాదు. ఇంగ్లిష్ ముక్క రాని అమ్మమ్మతో ఫోన్లో మాట్లాడగలిగానంటే కెప్టెనమ్మ పుణ్యమే. నేను గర్జిస్తే అమ్మమ్మ "చిత్తం కెప్టెనమ్మా, ఏం జెయ్యమంటారు?" అని మోకాళ్ళ నొప్పులు మరిచిపోయి నవ్వేది.

ఆ క్రిస్మస్‌కి మా తెలుగు ఫెలోషిప్ వాళ్ళు అద్దె హాల్లో, బిర్యానీ గిన్నెలు ఒకపక్క పొగలు కక్కుతుండగా, పిల్లలంతా తెలుగులో ప్రార్థన చెయ్యాలన్నారు. మిగతావాళ్ళు ఇంగ్లిష్ అక్షరాల్లో రాసుకున్న చీటీలు చదివారు. నేను చీటీ లేకుండా కళ్ళు మూసుకుని అన్నాను: "సర్వశక్తిమంతుడా, ఆలస్యం వద్దు. మా అమ్మమ్మ మోకాళ్ళను తక్షణమే మరమ్మతు చెయ్యి. ఇది నా ఆజ్ఞ."

హాలు హాలంతా పగలబడి నవ్వింది. అందరికంటే ఎక్కువ నవ్వినాయన ఫెలోషిప్ నడిపే అంకుల్. ఆయనే కళ్ళు తుడుచుకుని, "ఏం సినిమాలు చూపిస్తన్నారండీ పిల్లకి? దేవుడికే ఆజ్ఞలా?" అని నాన్నని నిలదీశారు. అమ్మకి తల కొట్టేసినట్టయింది. ఇంటికి రాగానే అమ్మ చేతిలో డిస్కు రెండు ముక్కలై చెత్తబుట్టలో పడింది. "అది సినిమా తెలుగులే" అని నాన్న కూడా అమ్మకే వంతపాడారు. నాది సినిమా తెలుగట! "కృపగల తండ్రీ, నీ పాదసన్నిధికి వచ్చియున్నాము" అనే తెలుగు వీళ్ళలో ఎవరి వంటింట్లో మాట్లాడుకుంటారట?

ఆ తర్వాత నేను తెలుగులో నోరు విప్పలేదు. "కెప్టెనమ్మా, ఆజ్ఞ ఇయ్యవే" అని అమ్మమ్మ అటునుంచి అడిగినప్పుడల్లా, "ఐయామ్ ఫైన్" అని ఫోన్ అమ్మకిచ్చేసేదాన్ని. కొన్నాళ్ళకి అడగడం మానేసింది. నాకు పదిహేడేళ్ళప్పుడు పోయింది. నేను తెలుగు అక్షరాలు దిద్దుకున్నది ఆ తర్వాతే.

ఇప్పుడు ఆ హాలు లేదు, ఆ శనివారాలూ లేవు. అంకుల్ మాత్రం ఉన్నారు. మొన్న ఒక పెళ్ళిలో నా చెయ్యి పట్టుకుని, "మన పిల్లలకి తెలుగు రావట్లేదమ్మా, నువ్వన్నా క్లాసులు పెట్టకూడదా?" అని వాపోయారు.

"పెడతాను అంకుల్. వాళ్ళు ఎలా మాట్లాడినా మీరు నవ్వకూడదు, అంతే" అన్నాను.

నేనేదో జోకేశాననుకుని ఆయన పెద్దగా నవ్వారు.